చిట్టి వేటకుక్క: యార్క్‌షైర్ టెర్రియర్

యార్క్‌షైర్ టెర్రియర్‌ను మొదటిసారి చూచినవారు దానిని వేటకుక్క అనుకోరు. పూర్తిగా ఎదిగిన తరువాత కూడా దాని బరువు మూడు కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. ఒంటినిండా పట్టుదారాల వంటి పొడుగాటి రోమాలు, నడినెత్తిమీద రిబ్బనుతో ముడివేసిన జుట్టు, ఒడిలో ఇమిడిపోయే ఆకారం. ఇది ముద్దు చేయటానికే పుట్టినదని ఎవరికైనా తోస్తుంది. కాని పెరట్లో ఎలుక కదిలిన చప్పుడు వినబడితే ఇదే కుక్క మారిపోతుంది. చెవులు రిక్కిస్తుంది, ఒళ్ళు బిగబట్టుతుంది, మరుక్షణంలో ఆ చప్పుడు మీదికి దూకుతుంది.

దీని చరిత్ర తెలిసినవారికి ఇందులో వింత ఏమీ లేదు. సుమారు 150 ఏళ్ళ క్రితం ఈ కుక్కకు ఎలుకలు పట్టటమే వృత్తి. తరువాత మనిషి దాని దేహాన్ని కుదించాడు. స్వభావాన్ని మాత్రం కుదించలేకపోయాడు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఈ జాతిని అర్థం చేసుకోవటమూ, దానిని సరిగా పెంచటమూ రెండూ సులభమవుతవి.

నేలను తవ్వే జాతి

'టెర్రియర్' అనే మాటకు మూలం లాటిన్ భాషలోని 'టెర్రా'. ఆ మాటకు నేల అని అర్థం. ఫ్రెంచి ద్వారా అది ఇంగ్లీషులోకి వచ్చినది. నక్కలు, ఎలుకలు మొదలైనవి బొరియలలో దాగినప్పుడు మట్టి తవ్వుకుంటూ లోపలికి దూరి, వాటిని పట్టుకొనేవి లేదా బయటికి తరిమేవి టెర్రియర్ కుక్కలు.

బొరియలోనికి దూరిన కుక్కకు యజమాని మాట వినిపించదు. చీకటిలో, ఇరుకులో, పళ్ళు చూపే శత్రువు ఎదుట అది ఒంటరిగా నిర్ణయం తీసుకోవాలి. భయపడి వెనుదిరిగే కుక్క ఆ పనికి పనికిరాదు. కాబట్టి ధైర్యం, పట్టుదల, సొంత బుద్ధి ఉన్న కుక్కలనే మనుషులు తరతరాలుగా ఏరి, వాటి సంతతినే పెంచుతూ వచ్చారు. ఈనాడు మనం టెర్రియర్ల మొండితనం అనేది ఆ ఎన్నిక ఫలితమే.

స్కాట్లండునుంచి యార్క్‌షైర్‌కు

19వ శతాబ్దం మధ్యకాలంలో ఉత్తర ఇంగ్లండు రూపురేఖలు మారిపోయినవి. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్, హడర్స్‌ఫీల్డ్ మొదలైన యార్క్‌షైర్ పట్టణాలలో ఆవిరియంత్రాలతో నడిచే ఉన్ని మిల్లులు వెలసినవి. పక్కనున్న లాంకషైర్‌లో నూలు మిల్లులు పెరిగినవి. చేతిమగ్గాలమీద బ్రతుకు సాగక, స్కాట్లండునుంచి ఎందరో నేతపనివారు కూలి వెతుక్కుంటూ ఈ పట్టణాలకు తరలివచ్చారు. వారివెంట వారి చిన్న టెర్రియర్లు కూడా వచ్చినవి.

ఆ కుక్కలలో క్లైడ్స్‌డేల్, పెయిస్లీ, స్కై అనే రకాలు ముఖ్యమైనవి. మొదటి రెండూ ఇప్పుడు లేవు. యార్క్‌షైర్‌లో అప్పటికే 'వాటర్‌సైడ్ టెర్రియర్' అనే చిన్న కుక్క ఉండేది. వీటి కలయికవల్ల కొత్త జాతి ఏర్పడినది. పొడుగైన రోమాల కోసం మాల్టీస్ కుక్కను కూడా కలిపి ఉంటారని పలువురి అభిప్రాయం. మిల్లు కూలీలు వంశావళులు వ్రాసి పెట్టినవారు కారు. పట్టిన ఎలుకల లెక్కే వారికి కావలసిన లెక్క. మిల్లులలోనూ, బొగ్గు గనులలోనూ, ఇరుకైన కార్మికవాడలలోనూ ఎలుకలకు కొదవ లేదు. చిన్న ఇంట్లో ఇమిడి, తక్కువ తిని, ఎలుకలను ఎక్కువగా పట్టే కుక్క పేదవానికి అన్నివిధాలా లాభం.

ఈ కుక్కల మెత్తని వెంట్రుకలను చూచి, అవి మిల్లు మగ్గాలమీద నేసినవే అని అప్పటివారు వేళాకోళం చేసేవారట.

1861లో ఇంగ్లండులో జరిగిన ఒక ప్రదర్శనలో ఈ కుక్కలు తొలిసారిగా కనిపించినవి. అప్పటికి వాటి పేరు స్కాచ్ టెర్రియర్ అనే. 1865లో హడర్స్‌ఫీల్డులో పుట్టిన ఒక కుక్క ఈ జాతి చరిత్రను మార్చినది. దాని పేరు హడర్స్‌ఫీల్డ్ బెన్. బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఫాస్టర్ అనే ఆమె దానిని పెంచి, ప్రదర్శనలకు తీసుకొనిపోయి, అనేక బహుమతులు గెలుచుకొన్నది. బెన్ 1871లో బండికింద పడి మరణించినది. బ్రతికినది ఆరేళ్ళే అయినా, తన లక్షణాలను పిల్లలకు తప్పకుండా అందించినందువల్ల దానిని ఈ జాతికి మూలపురుషునిగా లెక్కిస్తారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బెన్ మరీ చిన్న కుక్క కాదు. దాని బరువు ఇప్పటి ప్రమాణాన్ని మించినది. దాని సంతతిలో చిన్నవాటిని మళ్ళీ మళ్ళీ ఏరటంవల్లనే జాతి చిన్నదయినది.

1870 ప్రాంతంలో 'యార్క్‌షైర్ టెర్రియర్' అనే పేరు స్థిరపడినది. స్కాట్లండునుంచి వచ్చినదే అయినా, తీర్చిదిద్దినది యార్క్‌షైర్ ప్రజలు కాబట్టి ఆ పేరు సబబైనదే. ఇంగ్లండులో కెన్నెల్ క్లబ్ 1873లో ఏర్పడినది. 1886లో ఈ జాతిని ప్రత్యేక జాతిగా గుర్తించినది. అమెరికాలో 1885నాటికే దీనిని నమోదు చేశారు. ఈలోగా కూలివాని గుడిసెనుంచి ఈ కుక్క ధనికుల హాలులోకి చేరినది. ఎలుకల పని పోయినది, రిబ్బను వచ్చినది.

దేహం ఎట్లా చిన్నదయినది?

గ్రేట్ డేన్, యార్క్‌షైర్ టెర్రియర్ రెండూ ఒకే జీవజాతికి చెందినవి. ఒకటి యాభై కిలోలకు పైగా తూగుతుంది, రెండవది మూడు కిలోలు. ఇంత తేడా ఎట్లా సాధ్యం? దీనికి 2007లో శాస్త్రజ్ఞులు కొంత సమాధానం చెప్పగలిగారు. దేహంలో ఇన్సులిన్‌ను పోలిన ఒక వృద్ధికారకం ఉన్నది. ఎముకలూ కండరాలూ ఎంత పెరగవలెనో నిర్ణయించటంలో దానికి ప్రధాన పాత్ర ఉన్నది. దానిని తయారుచేయించే జన్యువులో ఒక ప్రత్యేక రూపం చిన్న జాతులన్నిటిలోనూ దాదాపుగా కనిపించినది. పెద్ద జాతులలో అది చాలా అరుదు.

2022లో మరొక విశేషం తెలిసినది. ఈ జన్యువు పనిని అదుపుచేసే భాగంలోని ఒక మార్పు, 50 వేల ఏళ్ళకు పైబడిన సైబీరియా తోడేలు అవశేషంలో కూడా ఉన్నదట. అంటే చిన్నతనానికి కావలసిన బీజం కుక్క అనే జంతువు ఏర్పడక ముందే ప్రకృతిలో ఉన్నది. మనిషి దానిని సృష్టించలేదు, ఏరుకొన్నాడు.

రోమాల సంగతీ ఇటువంటిదే. కుక్కల రోమాలలో కనిపించే వైవిధ్యంలో ఎక్కువభాగం మూడు జన్యువుల కలయికలవల్లనే ఏర్పడుతుందని 2009లో తేలినది. ఒకటి పొడవును, ఒకటి మీసాలూ కనుబొమలూ గుబురుగా పెరగటాన్ని, మరొకటి ఉంగరాలు తిరగటాన్ని నిర్ణయిస్తవి. యార్క్‌షైర్ టెర్రియర్ పిల్ల నల్లగా పుడుతుంది. ముఖంమీద, కాళ్ళమీద గోధుమరంగు మచ్చలుంటవి. పెరిగేకొద్దీ వీపుమీది నలుపు ఉక్కురంగు నీలంగానూ, తల, కాళ్ళు బంగారు గోధుమ రంగుగానూ మారతవి. ఈ మార్పు పూర్తికావటానికి రెండు మూడేళ్ళు పట్టవచ్చు. అనేక జాతులకు ఉన్నట్లు దీనికి లోపల ఉన్నివంటి రెండవ పొర లేదు. అందుచేత వెంట్రుకలు ఇంట్లో ఎక్కువగా రాలవు. అయితే ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి ఇది హాని చేయదనటం సరికాదు. ఎలర్జీ కలిగించే పదార్థాలు కుక్క లాలాజలంలోనూ, చర్మపు పొట్టులోనూ ఉంటవి.

తూములో దూరిన కుక్క

స్వభావం చెప్పటానికి రెండవ ప్రపంచయుద్ధకాలపు ఒక సంఘటన చాలు. 1944లో న్యూగినీ అడవిలో, సైనికులు విడిచిపోయిన ఒక గుంటలో ఒక చిన్న యార్క్‌షైర్ టెర్రియర్ దొరికినది. విలియం విన్ అనే అమెరికన్ సైనికుడు దానిని రెండు ఆస్ట్రేలియన్ పౌన్లకు కొన్నాడు. 'స్మోకీ' అని పేరు పెట్టాడు. అది నాలుగు పౌన్ల బరువు, ఏడు అంగుళాల ఎత్తు.

1945 జనవరిలో ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ ద్వీపంలో, లింగాయన్ వద్ద విమానాల దారి కిందుగా టెలిఫోను తీగ వేయవలసి వచ్చినది. దారికింద 70 అడుగుల పొడవు, 8 అంగుళాల వ్యాసం గల తూము ఒకటి ఉన్నది. అతుకులవద్ద మట్టి జారి అక్కడక్కడ సగానికి పూడిపోయినది. మనిషి దూరలేడు. తవ్వవలెనంటే మూడు రోజులు పడుతుంది. ఆ మూడు రోజులూ మనుషులూ విమానాలూ శత్రువుల బాంబులకు ఎర కావలసిందే. విన్ స్మోకీ మెడపట్టీకి దారం కట్టి, తూము రెండవ చివరకు పోయి పిలిచాడు. అది కొంతదూరం వచ్చి, దారం చిక్కుకొన్నప్పుడు ఆగి, మళ్ళీ కదిలి, కొద్ది నిమిషాలలో దుమ్ములోనుంచి బయటపడినది. ఆ దారంతో తీగను లాగారు.

స్మోకీకి యుద్ధం తెలియదు. పిలిచే మనిషిమీద ఉన్న నమ్మకం, ఇరుకుకూ చీకటికీ వెరవని వంశలక్షణం, ఈ రెండే ఆ పని చేయించినవి. ఈ జాతి స్వభావానికి ఇవే రెండు మూలాలు.

ఇంట్లో ఆ స్వభావం ఇంకొక రూపంలో కనిపిస్తుంది. తలుపు చప్పుడైతే మొరుగుతుంది. వీధిలో తనకు పదింతలున్న కుక్కమీదికి ఉరుకుతుంది. పూలకుండీలలో మట్టి తవ్వుతుంది. పెద్ద కుక్క గుర్రుమంటే వెంటనే మందలిస్తాం; చిన్న కుక్క గుర్రుమంటే నవ్వి ఎత్తుకుంటాం. అది దాన్ని మెప్పుగా తీసుకుంటుంది. చిన్న కుక్కల పెంకితనంలో సగం ఇట్లా మనం నేర్పినదే. పిల్లకు మూడు వారాలనుంచి మూడు నెలల వరకు గల కాలంలో లోకం పరిచయమవుతుంది. కొత్తవారిని, పిల్లలను, వాహనాల చప్పుళ్ళను, నెమ్మదైన ఇతర కుక్కలను ఆ వయసులో మెల్లగా అలవాటు చేయాలి. చెప్పిన మాట విన్నప్పుడు చిన్న తినుబండారం ఇచ్చి మెచ్చుకొంటే త్వరగా నేర్చుకొంటుంది. కొడితే పిరికిదై కరవటం నేర్చుకొంటుంది. బంతిని తెప్పించటం, దాచిన వస్తువును వెతికించటం వంటి ఆటలు దాని వేటబుద్ధికి మంచి దారి చూపుతవి.

మరీ చిన్న పిల్లలున్న ఇంటికి ఈ జాతి అంత తగినది కాదు. పసివాడు చేతిలోనుంచి జారవిడిచినా దీని ఎముక విరగవచ్చు.

చిన్న దేహపు లెక్క

ఒక అంగుళం భుజంగల ఘనాన్ని తీసుకోండి. దాని ఉపరితలం 6 చదరపు అంగుళాలు, ఘనపరిమాణం 1 ఘనపు అంగుళం. భుజాన్ని రెండు అంగుళాలు చేస్తే ఉపరితలం 24, ఘనపరిమాణం 8. మొదటిదానిలో ప్రతి ఘనపు అంగుళానికి 6 చదరపు అంగుళాల ఉపరితలం ఉండగా, రెండవదానిలో 3 మాత్రమే ఉన్నది. అనగా దేహం చిన్నదయ్యేకొద్దీ లోపలి వేడి బయటికి పోయే దారి ఎక్కువవుతుంది. చిన్న జంతువు తన వెచ్చదనాన్ని నిలుపుకోవటానికి, బరువుతో పోల్చి చూస్తే, ఎక్కువ ఆహారాన్ని ఖర్చుచేయాలి. కాని దానిని నిలవచేసుకొనే కాలేయం మాత్రం చిన్నది.

ఈ లెక్కవల్లనే పిల్లకుక్కకు ఆకలి ప్రమాదకరం. పూట తప్పితే రక్తంలో చక్కెర పడిపోయి, తూలటం, వణకటం, సొమ్మసిల్లటం జరుగుతవి. నాలుగు నెలలలోపు పిల్లకు రోజుకు మూడు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. సొమ్మసిల్లితే చిగుళ్ళకు కొంచెం చక్కెరపాకం రాసి, ఆలస్యం చేయకుండా పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

విషపదార్థాల విషయంలోనూ ఇదే లెక్క. పెద్ద కుక్కకు కడుపునొప్పితో పోయే చాక్లెట్ ముక్క దీనికి ప్రాణాంతకం కావచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్ కుక్కలకు పడవు. మనం జ్వరానికి వేసుకొనే మాత్రలు వైద్యుని సలహా లేకుండా ఎన్నడూ వేయరాదు.

చలి ఇట్లా బాధిస్తుంది కదా, ఎండ బాధించదా అంటే, అదీ బాధిస్తుంది. కుక్కకు మనవలె ఒంటినిండా చెమట పట్టదు. రొప్పటంద్వారానే అది వేడిని వదులుకుంటుంది. చల్లని దేశంలో రూపొందిన ఈ జాతిని మన వేసవిలో తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత మాత్రమే నడిపించాలి. రోడ్డుమీద అరచేయి ఆనించి చూడండి. మీ చేయి ఓర్చుకోలేని వేడిని దాని పాదం కూడా ఓర్చుకోలేదు. రోమాలను పొట్టిగా కత్తిరించటంవల్ల నష్టం లేదు. ప్రదర్శనలకు తీసుకుపోయేవారికి తప్ప నేల జీరాడే రోమాలతో ఎవరికీ పని లేదు.

నిత్యకృత్యాలు

పొడుగు రోమాలుంటే ప్రతిరోజూ దువ్వాలి. పొడిగా దువ్వితే తెగుతవి గనుక కొంచెం నీరు చిలకరించి దువ్వటం మంచిది. రెండు మూడు వారాలకొకసారి స్నానం చేయించి బాగా ఆరబెట్టాలి. కళ్ళలో పడే జుట్టును ముడివేయటమో కత్తిరించటమో చేయాలి. గోళ్ళు పెరగనీయకూడదు. చెవులలో, వేళ్ళసందుల్లో పిడుదులున్నవేమో వెతుకుతూ ఉండాలి; మన ప్రాంతాలలో అవి రక్తాన్ని పీల్చటమేకాక ప్రాణాపాయకరమైన జ్వరాలను కూడా అంటిస్తవి.

పళ్ళవిషయం చాలామంది ఉపేక్షిస్తారు. పెద్ద కుక్కకైనా చిన్న కుక్కకైనా పళ్ళు 42. ఇంత చిన్న దవడలో అన్నీ కిక్కిరిసి ఉంటవి. పాలపళ్ళు ఊడక కొత్తపళ్ళు వాటి పక్కనే మొలవటం కూడా ఈ జాతిలో సాధారణం. సందులలో గార పేరుకొని చిగుళ్ళు చీముపడతవి. ఏడాది నిండకముందే ఈ వ్యాధి మొదలుకావచ్చు. కుక్కలకోసం చేసిన పేస్టుతో రోజూ పళ్ళు తోమటం చిన్నప్పుడే అలవాటు చేయాలి. మన పేస్టు వాడరాదు.

మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ వేయించాలి. కుక్క చిన్నది కనుక, ఇల్లు దాటదు కనుక టీకా అక్కరలేదనుకోవటం చాలా ప్రమాదం.

కనిపెట్టవలసిన వ్యాధులు

వాయునాళాన్ని తెరచి ఉంచేవి మృదులాస్థి వలయాలు. ఈ జాతిలో కొన్నిటికి ఆ వలయాలు మెత్తబడి నాళం అణగిపోతుంది. అప్పుడు బాతు అరచినట్లు పొడిదగ్గు వస్తుంది. కాబట్టి గొలుసును మెడపట్టీకి తగిలించక, ఛాతీచుట్టూ వచ్చే పట్టీకి తగిలించాలి.

రెండవది కాలేయానికి సంబంధించినది. పేగులనుంచి వచ్చే రక్తం కాలేయంలో శుద్ధికావాలి. పుట్టుకతోనే ఒక రక్తనాళం పక్కదారి పట్టి ఉంటే ఆ రక్తం శుద్ధికాకుండానే మెదడుకు చేరుతుంది. పిల్ల సరిగా ఎదగకపోవటం, భోజనమైన తరువాత మత్తుగా తిరగటం, గోడకు తల ఆనించి నిలబడటం దీని గుర్తులు. త్వరగా కనిపెడితే చాలావరకు శస్త్రచికిత్సతో బాగుచేయవచ్చు.

నడుస్తూ నడుస్తూ వెనుకకాలు ఎత్తి రెండడుగులు గెంతి మళ్ళీ మామూలుగా నడిస్తే అది ఆట కాదు. మోకాలి చిప్ప పక్కకు జారుతున్నదని అర్థం. సోఫాలమీదనుంచి దూకనీయక, బరువు పెరగనీయక వైద్యునికి చూపాలి.

ఎంత చిన్నది చాలు?

ఇన్ని జాగ్రత్తలతో ఈ జాతి దీర్ఘకాలమే బ్రతుకుతుంది. బ్రిటన్‌లో 2022లో ప్రకటించిన లెక్కల ప్రకారం దీని సగటు ఆయుర్దాయం సుమారు 12న్నర ఏళ్ళు. అనేక పెద్ద జాతులకంటె ఇది ఎక్కువ.

కాని ఈ మధ్య 'టీ కప్పు కుక్క' అనే పేరుతో కిలో, కిలోన్నర తూగే కుక్కలను ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. అట్టి జాతి ఏదీ లేదు. గుర్తింపు పొందిన ఏ క్లబ్బూ దానిని ఒప్పుకోలేదు. ఒక ఈతలో బలహీనంగా పుట్టినవాటిని ఏరి, వాటికి వాటికి సంపర్కం చేయించి పుట్టించిన పిల్లలే ఇవి. కొన్నిటిని కడుపునిండా తిండి పెట్టక చిన్నగా ఉంచటం కూడా ఉన్నది. వీటికి మాడు పూడకపోవటం, తలలో నీరు చేరటం, చక్కెర పడిపోవటం, చిన్న దెబ్బకే ఎముకలు విరగటం తరచు కలుగుతవి. అంత చిన్న తల్లికి కాన్పు కూడా గండమే. ఇందాక చెప్పిన ఘనపు లెక్క ఇక్కడ ప్రాణంతో ముడిపడుతుంది. భుజం తగ్గించుకుంటూ పోతే ఒకచోట దేహం తనను తాను నిలుపుకోలేదు.

మనదేశంలో 2017లో చేసిన నిబంధనల ప్రకారం కుక్కలను పుట్టించి అమ్మేవారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలివద్ద నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఈ జాతి పిల్లను మూడు నెలల వరకు తల్లివద్దనే ఉంచితే మరీ మంచిది. కొనేవారు నమోదు పత్రం అడగాలి. తల్లికుక్కను కళ్ళారా చూడాలి. తల్లిని చూపటానికి వెనుకాడేవానివద్ద ఎంత ముద్దైన పిల్ల ఉన్నా కొనకూడదు. 'ఇంకా చిన్నది కావాలి' అని అడిగేవారున్నంతకాలం పుట్టించేవారుంటారు.

యార్క్‌షైర్ నేతపనివారు ఈ కుక్కను అలంకారానికి తయారుచేయలేదు. రోజంతా పరుగెత్తగలిగినది, దెబ్బకు ఓర్చుకొనేది, ఎలుకకు వెరవనిది వారికి కావలసివచ్చినది. మనకు ఎలుకలు పట్టే కుక్క అక్కరలేకపోవచ్చు. అయినా ఇంటికి తెచ్చుకొనేటప్పుడు వారు చూచిన లక్షణాలనే మనమూ చూడాలి: చురుకైన చూపు, గట్టి కాళ్ళు, నిండైన ఆకలి. కొలబద్దతో తూకంరాయితో ఎంచవలసిన జంతువు కాదిది.